జ్వరం చెల్లదు

రేపు నా కుడికంటికి శుక్లాల ఆపరేషన్. దవాఖానకు తానూ వస్తానని మనవరాలు పట్టుబట్టింది. ఐదో తరగతి పిల్ల, ఒక్కరోజు బడి మానితే కొంపేమీ మునగదు. సరేనని ఇవాళ ఆదివారం మధ్యాహ్నం కోడలు ఫోను తీసి బడివాళ్ళ యాప్ తెరిచింది. సెలవు ఎందుకని ఆ యాప్ అడుగుతుంది. జవాబులు కూడా అదే ఇస్తుంది: జ్వరం, ఫంక్షన్, ప్రయాణం, ఇతరాలు. కోడలు జ్వరం మీద వేలు పెట్టింది. రెప్పపాటులో తెర మీద ఉత్తరం తయారైంది. ఏం ఇంగ్లీషండీ అది, తప్పు పట్టడానికి సూదిమొన మోపేంత చోటు లేదు! పిల్లకు నిన్నటి నుంచి జ్వరమట, డాక్టరు పూర్తి విశ్రాంతి చెప్పాడట, కలిగిన అసౌకర్యానికి తల్లిదండ్రులు మిక్కిలి చింతిస్తున్నారట. ఆ జ్వరం వచ్చిన పిల్ల సోఫా మీద ఎగురుతూ చిప్స్ తింటోంది.

"అయితే నేను జ్వరాన్నా?" అన్నాను.

"అట్ల కాదత్తమ్మా, ఇతరాలు నొక్కితే మళ్ళ మనమే టైప్ చెయ్యాలె. గదంత ఎవరు చేస్తరు?" అంది కోడలు.

"నానమ్మా, అందరు ఫీవరే పెడ్తరు. మా క్లాస్‌ల డైలీ నలుగురికి ఫీవర్," అంది మనవరాలు, నాకు లోకజ్ఞానం నేర్పుతున్నట్టు.

నాకు ఒళ్ళు మండింది. కందుకూరు మండలాఫీసులో గుమాస్తాగా ఉద్యోగం చేసి, జనం రాసుకొచ్చిన దరఖాస్తులు చదివీ చదివీ ఈ కళ్ళకు పొరలు కమ్మాయి. తప్పుల ఇంగ్లీషు నాకు కోపం తెప్పించదు. ఇప్పటి ఇంగ్లీషుతోనే నా పేచీ. మా మనవరాలు వాచ్‌మన్‌తో కూడా ఇంగ్లీషులో గడగడ మాట్లాడుతుంది. కానీ మామిడిపండు ఎట్లుందే అంటే యమ్మీ అంటుంది, సీతాఫలం ఎట్లుందే అన్నా యమ్మీ అనే అంటుంది. ఇక దాని నాన్నకు బిర్యానీ అమేజింగ్, కొత్త ఫ్లైఓవర్ అమేజింగ్, నా కంటి డాక్టరూ అమేజింగే. నోటినిండా ఇంగ్లీషే, చెప్పే సంగతి మాత్రం ఒక్కటే.

కోపంతో బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నాను. శంషాబాద్‌లో మేముండే ఈ అపార్ట్‌మెంట్ మీదుగా పది నిమిషాలకొక విమానం దిగుతుంది. అది చక్రాలు మోపే చోటుకు అటూ ఇటూగా మా బాపు చెలకలు ఉండేవి. జొన్న, కంది పండే ఎర్ర నేల. అక్కడి నుంచి మామిడిపల్లి వైపు పోతుంటే ఒక గుట్ట, గుట్ట నిండా సీతాఫలం చెట్లు. ఇప్పుడు గుట్టా లేదు, చెలకా లేదు. మేము బడికి నడిచిన బాట మీద పొడవాటి గోడ, దాని మీద ముళ్ళతీగ.

ఆ బాట వెంట రోజూ శంషాబాద్ హైస్కూలుకు నడిచేవాళ్ళం. మాకు ఇంగ్లీషు ఆరో తరగతిలోగానీ మొదలుకాలేదు. చెప్పే సారు కోస్తా నుంచి వచ్చినాయన. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎండైనా వానైనా సైకిలుకు నల్ల గొడుగు కట్టుకునే వచ్చేవాడు. "ఏమండీ, ఇలా రండి" అని పిల్లలను కూడా అండీ అంటే మేము నోట్లో కొంగులు కుక్కుకుని నవ్వేవాళ్ళం. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. కానీ ఆయన దగ్గర సెలవు తీసుకోవడం మాత్రం ప్రాణం మీదికొచ్చేది.

వేరే సార్లందరికీ ఒకే చీటీ సరిపోయేది. యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. గైడులో ఉన్నదున్నట్టు దించి, కింద పేరు గీకితే అయిపోయింది. ఈ సారు వచ్చిన మొదటి నెలలోనే అట్లాంటి చీటీలన్నీ బల్ల మీద పరిచి, "ఈ ఊళ్ళకు ఇంత జ్వరం వస్తే ఇక్కడ బడి కాదు, ఆసుపత్రి పెట్టాలి," అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన క్లాసులో జ్వరం చెల్లదు. ఎందుకు రాలేదో నిజం రాయాలి, ఇంగ్లీషులో రాయాలి, సొంతంగా రాయాలి. "అబద్ధం చెప్పడానికి ఇంగ్లీషు ఎందుకమ్మా? దానికి తెలుగు సరిపోతుంది," అనేవాడు.

ఇగ చూడండి మా అవస్థ. ఒకడు బర్రె ఈనిందని రాస్తే, "దూడ తల ముందు వచ్చిందా, కాళ్ళు ముందు వచ్చాయా? అది రాయలేదేం?" అని చీటీ వెనక్కి ఇచ్చేవాడు. వాడు డిక్షనరీ ముందేసుకుని రెండు గంటలు తన్నుకునేవాడు. నేను ఇల్లు అలికినందుకు రాలేదని రాస్తే, పేడలో ఎర్రమన్ను ఎంత కలుపుతారో కూడా రాయమన్నాడు. మా క్లాసు మొత్తానికీ పేడకు, కలుపు మొక్కకు, పక్కటెముకకు, సున్నానికి ఇంగ్లీషు వచ్చు. వాక్యాలు వంకరటింకరగానే ఉండేవి. అయినా ప్రతి చీటీలో ఒక ఇల్లు కనిపించేది.

మా ఊళ్ళో ఆడపిల్లలు ఏడో తరగతితో ఆగిపోయేవాళ్ళు. నేను పదికి వచ్చానంటే మా నాయనమ్మ పుణ్యమే. బాపు వద్దన్న రోజున ఆమె వాకిట్లో అడ్డంగా కూర్చుంది. "పోరి చేసే పనంత నేను చేస్త. పెండ తీస్త, నీళ్ళు మోస్త. దానికేమన్న అయితే నన్నడుగు," అంది. బాపు, "సరే అవ్వా. గని స్కూల్‌కెళ్ళి దీని మీద ఒక్క మాటొచ్చినా, ఒక్కటంటే ఒక్కటి, ఆ రోజుతోని బందు," అన్నాడు. బాపు కోపిష్టి కాడు, కానీ అన్నమాట తప్పడు. అదే నా భయం.

నాయనమ్మ దగ్గరికి వెళితే పొగాకు వాసన, జొన్నపిండి వాసన కలిసి వచ్చేవి. పెంక మీద రొట్టె కాల్చి, అంచు విరిచి, పచ్చిపులుసులో ముంచి నా నోట్లో పెట్టి బడికి తోలేది. ఆ ముసలి చేతులతో రొట్టె కొడుతుంటే చప్పుడు వెనకింటి దాకా వినిపించేది. ఆమెకు చదువు రాదు. కానీ రోజూ సాయంత్రం, "ఇయ్యాల ఇంగిలీషుల ఏం జెప్పిండు?" అని అడగకుండా అన్నం పెట్టేది కాదు.

పదో తరగతి ఏడాది బతుకమ్మ పండుగకు ముందు గుట్టను ఎవరో గుత్తకు తీసుకున్నారని తెలిసింది. శుక్రవారం గుత్తేదారు మనుషులు దిగితే ఇగ ఒక్క కాయ ముట్టనివ్వరు. నేను సారుకు నిజమే రాశాను: గురువారం గుట్టకు పోవాలి, సీతాఫలాలు కళ్ళు తెరిచాయి, కోతకొచ్చాయి అని. ఆయన చదివి, నవ్వి, "బాగా రాశావు. ఆదివారం వెళ్ళు," అని చీటీ తిరిగి ఇచ్చేశాడు. ఆదివారానికి అక్కడ ఏముంటుంది, నా మొహం!

నా బుద్ధి గడ్డి తిన్నది అప్పుడే. గురువారం పొద్దున ఇంకో చీటీ రాశాను. మా నాయనమ్మ చచ్చిపోయిందని.

ఉత్త మాట రాస్తే ఆయన వివరాలు అడుగుతాడు కదా. అందుకని వివరంగానే రాశాను. ఆమె పొద్దున్నే రొట్టె కొడుతూ కొడుతూ పక్కకు ఒరిగిందనీ, చేతులకు పిండి అట్లాగే ఉందనీ, పెంక మీది రొట్టె మాడిందనీ, ఇంట్లో ఎవరికీ దాన్ని తీయాలని తోచలేదనీ. రాస్తుంటే నాకే ఏడుపొచ్చింది. అంత మంచి ఇంగ్లీషు నేను అంతకుముందు రాయలేదు. చీటీని ఆరో తరగతి చదివే వెనకింటి పిల్లకు ఇచ్చి సారుకు అందించమన్నాను.

"ఉత్తగనే ఇయ్య. సగం సంచి పండ్లు నాకు," అంది ఆ దొంగముండ. నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది.

అటు బాపు, అమ్మ చెలక దారి పట్టారు. బడికి పోతున్నానని చెప్పి నేను గుట్ట దారి పట్టాను. ఆ రోజు సుఖం ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. మేకల కాపర్లు ఎండుపుల్లలు అంటించి పచ్చి సీతాఫలాలు నిప్పుల్లో వేసేవాళ్ళు. తొక్క నల్లబడి చిటపటమని పగిలితే, లోపల గుజ్జు వేడిగా, పొగ వాసనతో, పాలుగారుతూ ఉండేది. వేళ్ళు కాల్చుకుని, మూతి నల్లగా చేసుకుని, గింజలు ఎవరు ఎంత దూరం ఉమ్ముతారో పందెం కట్టాం. పొద్దు వాలుతుంటే గోనెసంచి నెత్తిన పెట్టుకుని దిగాను.

ఇంటి మలుపు తిరిగేసరికి మా గోడకు ఆనించి సైకిల్. సైకిలుకు నల్ల గొడుగు.

సారు గడప ముందు నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. "అమ్మా, ఈ ఇంట్లో పెద్దావిడ పొద్దున పోయారని తెలిసింది. పిల్లలూ నేనూ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఇంట్లోవాళ్ళను చూసి పోదామని..." అంటున్నాడు.

ఎదురుగా మా నాయనమ్మ, ఒళ్ళో చాట, చాటలో పెసలు. "ఏ పెద్దది సారూ? ఈ ఇంట్ల పెద్దదాన్ని నేనే," అంది.

అప్పుడు ఇద్దరూ తలతిప్పి నన్ను చూశారు. నెత్తిన సంచి, మూతికి మసి. ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. నాకు సారు గుర్తులేడు, సిగ్గు గుర్తులేదు. బాపు చెలక నుంచి వచ్చే వేళైంది, అదొక్కటే గుర్తుంది. ఆయన వచ్చే దాకా సారు ఇక్కడే ఉంటే, రేపటి నుంచి నాకు బడి లేదు.

"ఆ కాయితంల ఏం రాసిందో జర చదువు సారూ," అంది నాయనమ్మ.

సారు జేబులోంచి చీటీ తీసి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాడు. ఆమె చాట పక్కన పెట్టి, చెంపకు చెయ్యి ఆనించి విన్నది. ఒరిగిపోయిందన్నప్పుడు కదల్లేదు. చేతులకు పిండి ఉందన్నప్పుడు తన చేతులు చూసుకుంది. రొట్టె మాడిందనగానే గయ్యిమన్నది.

"ఏందే! నా రొట్టె మాడిందా? యాభై ఏండ్లసంది కొడ్తున్న, ఎన్నడన్న మాడిందానే? సస్తే సచ్చిన అని రాయి, గని రొట్టె మాడిందని ఎట్ల రాస్తవే నువ్వు?"

సారు మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు అదరడం చూసి, నవ్వుతున్నాడని చాలాసేపటికి తెలిసింది నాకు.

అంతలో ఎడ్ల గంటలు. బాపు వాకిట్లోకి వచ్చి, సారును చూసి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. "సారెందుకొచ్చిండు?" అన్నాడు. అడగడం నెమ్మదిగానే అడిగాడు.

నాయనమ్మ వెంటనే కొంగు కప్పుకుని రెండు సార్లు దగ్గింది. "నా పాణం మంచిగ లేదని పోరి చీటీ రాసి పంపిందట. పాపం, చూసిపోదామని వచ్చిండు సారు. నోరు చప్పగున్నది, పండ్లు తెమ్మని నేనే తోలిన దీన్ని."

బాపు సారు వైపు చూశాడు. నిజం తప్ప ఇంకోటి చెల్లదనే మనిషి. ఆయన పెదవి విప్పితే నా బతుకు తెల్లారినట్టే. చీటీని మడిచి జేబులో పెట్టుకోవడానికి ఆయనకు చాలా సమయం పట్టింది.

"మీ అమ్మాయి రాసిన ఉత్తరం చదివాక బడిలో కూర్చోలేకపోయానండి. అందుకే వచ్చాను," అన్నాడు.

"గట్లనా? గంత మంచిగ రాసిందా!" అన్నాడు బాపు. ఆయన మొహం వెలిగిపోయింది. సంచిలోంచి పెద్ద పెద్ద కాయలు ఏరి సారు గొడుగులో పోశాడు. ఆయన వద్దు వద్దంటూనే ఉన్నాడు.

సాగనంపడానికి మలుపు దాకా వెళ్ళాను. సారు సైకిల్ ఆపి, "నువ్వు ఒక అబద్ధం రాశావు. నీ కోసం ఆవిడ రెండు ఆడింది. నేనూ సగం నిజం చెప్పాను. రేపు ఇంకో చీటీ తే. మీ నాయనమ్మ ఎందుకు చనిపోకూడదో రాయి. అన్నీ నిజమైన కారణాలే ఉండాలి," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చాను.

నాయనమ్మ అప్పటికే సీతాఫలాలను గడ్డిలో పేరుస్తోంది. పక్కన కూర్చుని శిక్ష సంగతి చెప్పాను. "అంటే యమధర్మరాజుకు సెలవు చీటీ అన్నట్టు. రాయి మరి. ఉన్నదున్నట్టు చెప్త," అంది. గొంతు సవరించుకుని ఒక్కొక్కటే చెప్పింది. చెలకల కంది ఇంక పూత మీదనే ఉన్నది, అది ఇంటికి రావాలె. బర్రె సూడి మీద ఉన్నది, నా చెయ్యి తప్ప వేరే చెయ్యి పడనియ్యది. బొంత సగమే కుట్టిన. వెనకింటామె నాతోని మాట్లాడక పదకొండేండ్లాయె, ముందుగాల ఆమె మాట్లాడాలె, అప్పటిదాక నేను పోను.

నేను నవ్వుతూ రాస్తున్నాను. ఆమె గడ్డి సర్దుతూ, నన్ను చూడకుండానే, "ఆఖరుది రాయి. ఈ పోరి పది పాసవ్వాలె. నేను పోతే దీన్ని మాన్పిస్తరు," అంది.

ఆ వాక్యానికి నాకు డిక్షనరీ అవసరం రాలేదు. కాగితం మీద నీళ్ళు పడి సిరా అలుక్కుపోతే మళ్ళీ రాశాను.

మర్నాడు సారు చదివి, కింద ఎర్ర సిరాతో గ్రాంటెడ్ అని రాసి సంతకం పెట్టాడు. సెలవు మంజూరైంది. ఇంటికి తెచ్చి చదివి వినిపిస్తే నాయనమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి తన పొగాకు సంచిలో దాచుకుంది. ఆ తర్వాత ఎప్పుడు దగ్గొచ్చినా సంచి తట్టి, "నాకేం పరేషాన్ లేదు, సారు సంతకం ఉన్నది," అనేది. కంది ఇంటికి వచ్చింది. బర్రె పెయ్యదూడను వేసింది. బొంత పూర్తయింది. వెనకింటామె మాట్లాడిందో లేదో నాకు గుర్తులేదు.

నేను పాసయ్యాను. ఊళ్ళో పది పాసైన మొదటి ఆడపిల్లను. ఇంటింటికీ చక్కెర పంచి, కాళ్ళు నేల మీద ఆనకుండా తిరుగుతున్నాను. నాయనమ్మ చెయ్యి పట్టి ఆపింది. "బిడ్డా, ఇగ ఆ కాయితం చెల్లదు గదా? పది అయిపాయె. ఇంటర్ దాక అని మార్చి రాయి," అంది.

"రేపు రాస్తలే నాయనమ్మా," అన్నాను.

మర్నాడు కూడా అడిగింది. మర్నాడూ అదే చెప్పాను. తర్వాత ఆమె అడగడం మానేసింది. వానలు మొదలైన వారానికి, ఒకనాటి పొద్దున, నిద్రలోనే పోయింది. పొయ్యి మీద రొట్టె లేదు. ఏదీ మాడలేదు.

ఆమె సంచిలో చీటీ బాపుకు దొరికింది. చదవడం రాదు కదా, నన్నూ అడగలేదు. దాన్ని జేబులో పెట్టుకుని నడిచి శంషాబాద్‌కు పోయి, సారుతో చదివించుకుని, సాయంత్రానికి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, "కాలేజీకి పొద్దుగాల బస్సు ఎన్నిటికే?" అని అడిగాడు. అంతే. తర్వాత మా ఇంట్లో నా చదువు గురించి పేచీ రాలేదు.

ఇదంతా మనవరాలికి ఇప్పుడే చెప్పాను, బాల్కనీలో కూర్చుని. అది చిప్స్ తినడం ఎప్పుడు ఆపిందో చూడలేదు. లేచి వెళ్ళి వాళ్ళమ్మ ఫోను తెచ్చి, జ్వరం తీసేసి, ఇతరాలు నొక్కి, నాలుక బయటపెట్టి టైప్ చేసింది. రేపు మా నానమ్మ కన్ను కోస్తారు, ఆమె భయం లేదంటుంది కానీ భయపడుతోంది, నేను చెయ్యి పట్టుకోవాలి అని. ఇంగ్లీషులో రెండు తప్పులున్నాయి. నేను దిద్దలేదు. ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను.

ఫోను పక్కన పెట్టి నోటుబుక్కులోంచి ఒక కాయితం చింపింది. "ఇగ నీది చెప్పు నానమ్మా. యముడికి. నీకు ఏమేం పనులున్నయ్?"

రేపు రాద్దువులే అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మొదటిది రాయి. నిప్పుల్లో కాల్చిన సీతాఫలం నీకింకా తినిపించలేదు," అన్నాను.